గేదె, రింగు, ఎర్రయ్య మీసం

ముందు ఎర్రయ్య మీసం సంగతి చెప్పుకోవాలి. ఈ కథలో పోతే పోయేది అదొక్కటే.

ఖరగ్‌పూర్‌లో మీసాలకు కొదవ లేదు. కానీ ఖరిదా సందు మలుపులో ముందుగా ఒక మీసం కొన కనిపించి, దాని వెనక సైకిలు హ్యాండిలు కనిపించి, ఆ వెనక మనిషి కనిపిస్తే వచ్చేది ఎర్రయ్యే. ఎదురొచ్చే టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, ఆ కొన చూసి పక్కకు జరుగుతాయి. ఒక వానాకాలం రెండు పిచ్చుకలు దాని కింద తలదాచుకున్నాయనీ, వాన వెలిసినా మేం పోం అన్నాయనీ అంటారు. అది అబద్ధం. ఒక్క పిచ్చుకే.

ఆ మీసానికి గొంతు కూడా ఉంది. ఎర్రయ్య రెండు చేతులూ నోటి దగ్గర గొట్టంలా చుట్టి ఊదాడంటే మీసం వణికి, ఆ వణుకు గాలికి అంటుకుని, ఏ కూత కావాలంటే ఆ కూత వస్తుంది. కార్ఖానా సైడింగులో షంటింగ్ ఇంజను హారను పాడైన ఏడాది, పదకొండు నెలల పాటు ఇంజను ముందు నిలబడి ఆయనే కూశాడు. కొత్త హారను బిగించాక డ్రైవరు రెండు రోజులు అన్నం తినలేదు. పాతదే బాగుందన్నాడు.

ఆ కార్ఖానా పేరు కాంసాయి వ్యాగన్ వర్క్స్. కుంటుకుంటూ వచ్చిన సరుకు వ్యాగన్లు అక్కడ బాగుపడి, రంగు పూసుకుని పోతాయి. నాలుగు వేల మంది పనివాళ్ళు. పదకొండు పెద్ద షెడ్లు. ఒక్కో షెడ్డునూ షాపు అంటారు: చక్రాల షాపు, బ్రేకుల షాపు, రంగుల షాపు, అలా అలా చివరికి స్టోర్సు. ఏ షాపులో ఎంత పనైందో, యార్డులో ఎన్ని వ్యాగన్లు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయో పైవాళ్ళకు ఒక్క చూపులో తెలియాలని ఆరేళ్ళ కిందట కంప్యూటర్లో ఒక సిస్టం పెట్టారు. దాని పేరు ద్రుతగతి. ఆ పేరు పెట్టినాయన మళ్ళీ ఈ చుట్టుపక్కల కనపడలేదు.

కార్ఖానా జనం దాన్ని గేదె అంటారు. మడుగులో దిగిన గేదెను పైకి రమ్మంటే దానికి వినపడుతుంది, రాదు. అంతే. పని చేస్తున్నానని చెప్పడానికి తెర మీద ఒక గుండ్రని బిళ్ళ తిరుగుతూ ఉంటుంది. దాన్ని తిరగలి అంటారు. చక్రాల షాపులో ఒక గుమాస్తా, బేరింగులు ఎన్ని ఉన్నాయో చెప్పమని మీట నొక్కి, ఆ సందులో పెళ్ళి చేసుకుని, పెళ్ళాంతో పూరీ వెళ్ళి సముద్రస్నానం చేసి వచ్చాడు. తిరగలి తిరుగుతూనే ఉంది.

పోనీ జవాబు వస్తే నమ్మేలా ఉంటుందా అంటే అదీ లేదు. వంద వ్యాగన్లు పట్టని యార్డులో పంతొమ్మిది వందల నలభై సిద్ధం అని ఒకసారి చూపించింది. అన్నింటినీ వరసగా నిలబెడితే మొదటిది ఇక్కడా, చివరిది పలాస స్టేషన్లో జీడిపప్పు కొనుక్కుంటూ ఉంటుంది.

కలకత్తా నుంచి నాలుగుసార్లు నిపుణులు వచ్చారు. పొద్దుటి లోకల్లో దిగి, పదకొండు గంటలకు గేదె ముందు కూర్చునేవారు. ఆ సమయంలో అది గుర్రంలా పరిగెత్తేది. "బాగానే ఉందే" అని, చేపల పులుసుతో భోంచేసి, మూడు గంటల లోకల్‌కి వెళ్ళిపోయేవారు. వెళుతూ వెళుతూ ఇంకా పెద్ద మిషను కొనమని రాసేవారు. రెండుసార్లు కొన్నారు. మడుగు పెద్దదైంది. గేదె మరింత హాయిగా పడుకుంది.

ఎర్రయ్య ముప్ఫై ఏళ్ళు ఆ కార్ఖానా సొంత సైడింగులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. మూడేళ్ళ కిందట సైడింగు మూసేశాక ఆయన్ని కంప్యూటర్ గదిలో వేశారు. ఏసీ వేయడం, ఏసీ ఆపడం, వచ్చినవాళ్ళ చేత చెప్పులు విప్పించడం ఆయన పని. ఆ గదికి అధికారి రాధారాణి. ఖరిదాలో ఎర్రయ్య పక్కింటి అమ్మాయి. ఆఫీసులో కూడా ఆయన్ని పెదనాన్నా అనే పిలుస్తుంది.

ఆగస్టు చివర్లో ఒక రోజు నోటీసు అంటించారు. విశ్వకర్మ పూజ నాడు కార్ఖానా పెద్దసారు స్వయంగా కంప్యూటర్ గదిలో కూర్చుని, అక్కడే టీ తాగుతూ, యార్డు లెక్క తన కళ్ళతో చూస్తారట. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సిరిల్ ఎర్రయ్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సిరిల్ స్టోర్సులో బడాబాబు, అంటే పెద్ద గుమాస్తా. రోజుకు రెండుసార్లు గడ్డం, మీసం గీసుకునే మనిషి. ముఖం స్టీలు గిన్నెలా మెరుస్తుంది. ఎర్రయ్య మీసం చూసినప్పుడల్లా ఆయనకు ముక్కు కింద దురద పుడుతుంది.

"ఏటి ఎర్రయ్యా, మీ గేదె కట్టిందేటి? పైకే రాటం నేదు."

"కట్టింది సిరిల్ బాబూ. దూడ పుడితే తాడు నీ సేతికే ఇస్తాను."

"పూజనాడు పెద్దసారు ముందు సూడాల తమాషా! మీ రాధారాణితో సెప్పు, ఆ తిరగలి ఊరికే తిరగడమెందుకూ, నాలుగు కిలోల మినుములు పంపుతాను, ఇసిరి పెట్టమను."

క్యాంటీనంతా నవ్వింది. తన మీద ఎన్ని అన్నా ఎర్రయ్య తుడుచుకు పోయేవాడు. రాధారాణి పేరు వచ్చేసరికి మీసం కొనలు రెండూ లేచి నిలబడ్డాయి.

"పెద్దసారు కప్పులో టీ అయిపోయే లోపల యార్డు లెక్క తెర మీద పడతాది. అదీ నిజం లెక్క. రాసుకో."

"పడకపోతే?"

పడకపోతే ఏం చేయాలో ఎర్రయ్య ఆలోచించుకోలేదు. ఆయన కంటే ముందు ఆయన నోరు ఆలోచించింది. "పడకపోతే ఈ మీసం నీ సేత్తో నువ్వే గొరిగీ."

క్యాంటీన్లో ఎవరో కొరకబోతున్న సింగాడా, అంటే అక్కడి సమోసా, నేల మీద పడింది.

"ఠీక్ హై," అన్నాడు సిరిల్ లేస్తూ. "లెక్క పడితే నాను పెంచుతాను మీసం. నీ అంతది."

ఈ కబురు ఎర్రయ్య సైకిలు కంటే ముందు ఇంటికి చేరింది. ఇంట్లో భార్య పోలమ్మ ఎదురొచ్చింది. పెళ్ళినాడు తప్ప అంత సంతోషంగా ఆమెను ఎర్రయ్య ఎప్పుడూ చూడలేదు.

"నిజమేనేటయ్యా? తీసేస్తావా?"

"ఓడితే కదే."

"ఓడకేటి! ఆ గేదె సంగతి నానెరగనా? ముప్పై నాలుగేళ్ళైంది మన పెళ్ళై. ఆ పొద కింద నీకు పెదవి ఉన్నాదో నేదో కూడా నాకు తెల్దు. పప్పుసారు ఏస్తే సగం నువ్వు తాగతావు, సగం అది తాగతాది."

ఆ సాయంత్రమే ఆమె మందిరానికి వెళ్ళి, సిరిల్ గెలిస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. వస్తూ దారిలో ఒక కొత్త రేజరు కొని, ఎర్రయ్య పొద్దున లేవగానే కంటపడేలా అద్దం ముందు పెట్టింది.

మర్నాడు ఎర్రయ్య గదిలో నిలకడగా కూర్చోలేకపోయాడు. నాలుగుకి పది నిమిషాలుండగా రాధారాణి ఒక కాగితం ఇచ్చి చక్రాల షాపులో ఇచ్చి రమ్మంది. కంప్యూటర్ గదిలోకి వచ్చిన మూడేళ్ళలో ఆయన ఆ సమయంలో బయటికి వెళ్ళడం అదే మొదలు. వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయాడు. పన్నెండు మంది గుమాస్తాలు పన్నెండు కంప్యూటర్ల ముందు కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు చాపి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఏదో ప్రమాణం చేయిస్తున్నారేమోనని ఎర్రయ్య తనూ చెయ్యెత్తాడు.

"ఏటి దాదా ఇది?"

"ష్!"

అంతలో గేటు దగ్గర భోంపూ, అంటే కార్ఖానా సైరను, మోగింది. నాలుగు గంటల భోంపూ అంటే ఊరు ఊరంతా వినేది. భోఁ అనగానే పన్నెండు వేళ్ళూ ఒక్కసారి ఆ రోజు లెక్క పంపే మీట మీద పడ్డాయి. పన్నెండు తెరల మీద తిరగలి మొదలైంది. రెండు క్షణాలు చూసి అందరూ మళ్ళీ నొక్కారు. మళ్ళీ నొక్కారు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు టకటక టకటక.

"ఎన్నిసార్లు నొక్కుతావయ్యా?"

"అది ఎల్లేదాకా," అన్నాడు ఆ గుమాస్తా తల తిప్పకుండా.

ఎర్రయ్య సైకిలెక్కి బ్రేకుల షాపుకి పోయాడు. అక్కడా టకటక. రంగుల షాపులోనూ టకటక. అసలు సంగతి అక్కడి ముసలి గుమాస్తా చెప్పాడు. చేతిరాత రిజిస్టర్ల కాలంలో కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. భోంపూ కంటే ముందు రిజిస్టరు మూసినవాడు దొంగ, భోంపూ తర్వాత మూసినవాడు సోమరి. తండ్రులు కొడుకులకు చెప్పారు, కొడుకులు మనవలకు చెప్పారు. రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. వేలు మాత్రం భోంపూ దగ్గరే ఉండిపోయింది.

ఎర్రయ్య రొప్పుతూ వచ్చి చెబితే, రాధారాణి తన తెర మీద ఏవేవో తీసి చూసింది. సరిగ్గా నాలుగు గంటలకు నూట ముప్ఫై రెండు మంది ఒకే క్షణంలో సిస్టం గుమ్మంలో పడుతున్నారు. ఒక్కొక్కరూ ముప్ఫై నలభై సార్లు. నొక్కినప్పుడల్లా గేదె అది మరో కొత్త వ్యాగన్ అనుకుని లెక్కలో కలుపుకుంటోంది.

"అయ్యో పెదనాన్నా! మరి ఆ కలకత్తావాళ్ళు నాలుగుసార్లు వచ్చి ఏం చూసినట్టు?"

"ఆళ్ళు మూడు గంటల లోకలుకి ఎల్లిపోయేవోరు కదేటి!"

రాధారాణి తల పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరివే తీసుకునేలా సిస్టంలో మార్పు చేయడం ఆమెకు రెండు రోజుల పని. కానీ హెడ్డాఫీసు అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

"అయితే అడుగు."

"అడిగే ఫారం గేదెలోనే ఉంది పెదనాన్నా."

ఫారం నింపి నొక్కింది. ఇద్దరూ కూర్చుని తిరగలిని చూశారు. చీకటి పడేవేళకు ఎర్రయ్య ఏసీ ఆపి ఇంటికి పోయాడు.

ఇలా కాదని రాధారాణి తలో సమయానికి నొక్కండి అని సర్క్యులర్ వేసింది. గుమాస్తాలు ఆ సర్క్యులర్‌ని నాలుగు మూలలా మేకులు కొట్టి అందంగా గోడకు తగిలించారు. నాలుగు గంటలకు దాని కిందే కూర్చుని వేళ్ళెత్తారు.

అప్పుడు ఎర్రయ్య బుర్రలో మెరిసింది. వాళ్ళకు కావలసింది భోంపూయే కదా, షాపుకో భోంపూ ఇచ్చేస్తే పోలేదా! భోంపూ మోగించే సూసన్న ఆయనకు పాత నేస్తం. మూడు నుంచి నాలుగు లోపల పదకొండు కూతలు, ఒక్కో కూతకూ ఒక్కో షాపు. సూసన్న మొదట భయపడ్డాడు, తర్వాత పోలమ్మ చేసిన బెల్లం గారెలు తిని ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఖరగ్‌పూర్‌లో జరిగింది ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి కూతకే ఖరిదా ఆడవాళ్ళందరూ ఎసట్లో బియ్యం పోసేశారు. రెండో కూతకు పొంగు దించి, మూడో కూతకు మళ్ళీ పోశారు. ఇందా పేటలో సింగాడాల దుకాణంవాడు నాలుగు గంటల వాయి మూడింటికే దించేసి, కొనేవాడు రాక, బాధతో తనే తిన్నాడు. టోటోలన్నీ కార్ఖానా గేటుకు వచ్చి మూతి మూతి గుద్దుకుని నిలబడ్డాయి. నాలుగు గంటల భోంపూకి దుకాణం కట్టే అలవాటున్న మంగలి, ఒకాయన గడ్డం సగంలో ఉండగా ఆయన్ని బయటికి పంపి తలుపు వేశాడు. మళ్ళీ కూత వినపడితే తెరిచాడు. మళ్ళీ వేశాడు. ఆయన గడ్డం పదకొండు వాయిదాల్లో పూర్తయింది.

పోనీ కార్ఖానాలోనైనా మేలు జరిగిందా? ఏ కూత ఎవరిదో లెక్కపెట్టుకునేవాడు ఒక్కడూ లేడు. భోఁ అంది, నొక్కాలి. పదకొండు కూతలకూ నూట ముప్ఫై రెండు మందీ నొక్కారు. ఆ రోజు ములిగిన గేదె మూడు రోజులు తేలలేదు. సూసన్నకు మెమో వచ్చింది.

"ఎర్రయ్యా, ఇక సరిగ్గా నాలుక్కి తప్ప దేవుడొచ్చి కుయ్యమన్నా కుయ్యను. ఒట్టు," అన్నాడు సూసన్న మెమో చూపిస్తూ.

పూజకు ఇంకా అయిదు రోజులే ఉంది. సిరిల్ దారిలో కనపడితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి పోతున్నాడు. ఎర్రయ్య ఇంటికి వచ్చి, అద్దం ముందు రేజరు చూసి, దాహం వేసి కుండ దగ్గరకు పోయాడు. గ్లాసు ముంచబోతూ ఆగిపోయాడు. కుండ కింద కుదురుగా పోలమ్మ పెట్టుకున్నది ఎర్రయ్య సైడింగులో వాడిన పాత రింగు.

రింగు అంటే పళ్ళెమంత ఇనప కడియం. సైడింగులో ఒంటి పట్టాల దారి ఒకటే ఉండేది. అటునించీ ఇటునించీ బండ్లు ఒకేసారి దిగితే గుద్దుకుంటాయి. అందుకని రింగు ఎవరి చేతిలో ఉంటే వాడి బండే కదలాలి. రింగు లేనివాడు వెనక పులి తరుముతున్నా కదలకూడదు. బండి అవతలికి చేరాక రింగు తర్వాతవాడికి ఇవ్వాలి. దానికి తిరుగు లేదు.

ఎర్రయ్య "ఓలమ్మో!" అని ఒక్క కేక పెట్టి రింగు లాగాడు. కుండ దొర్లి, గడప దాటి, వీధిలో పోతున్న మేకను అదరగొట్టి ఆగింది.

"మతి పోనాదేటయ్యా! ఓడిపోతానని ఇప్పటినుంచే కుండలు దొల్లిస్తన్నావా?" అని పోలమ్మ వెంటపడింది. ఎర్రయ్యకు వినపడలేదు. రింగుకు మట్టి కడుగుతున్నాడు.

మర్నాడు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి, మూడు గంటలకు సైకిలు మీద చక్రాల షాపులోకి దూసుకుపోయి, "లైన్ క్లియర్!" అని అరిచాడు.

పన్నెండు మంది గుమాస్తాలూ లేచి నిలబడ్డారు. వాళ్ళలో తండ్రో తాతో డ్రైవరో, కేబిన్ మనిషో, కలాసీయో కానివాడు ఒక్కడూ లేడు. చిన్నప్పుడు ఆ రింగు కథలు వింటూ అన్నం తిన్నవాళ్ళు. ముందు వరసలో ఆయన రింగు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"భోంపూ అవనేదు కదా ఎర్రయ్యా. ముందు నొక్కితే దొంగలెక్క."

"మీ నాయన రింగు సేతిలో పెట్టుకుని భోంపూ కోసం ఆగినాడేటి ఎప్పుడైనా?"

ఆయన ఆలోచించాడు. "ఆగనేదు."

"మరింకేటి? రింగుంటే ఎల్లాల, నేకపోతే ఆగాల. ఒక్కసారే నొక్కు. ఒకే బండిని రెండుసార్లు తోలతారేటి?"

ఆయన ఒక్కసారి నొక్కాడు. తిరగలి సగం తిరిగి ఆగిపోయింది. ఆరేళ్ళలో అది ఆగడం చూడని ఆ మనిషి హడలిపోయి లేచాడు. "పాడు సేసినానేటి! అమ్మో, నాకు మెమో ఇస్తారు!"

"పని అయిపోనాది బాబూ. కూకో. పక్కాయనకి రింగియ్యి."

రింగు చేతులు మారింది. నూట ముప్ఫై రెండు చేతులు, పదకొండు షాపులు, ఒక సైకిలు. నలభై నిమిషాల్లో అయిపోయింది. నాలుగు గంటల భోంపూ మోగినప్పుడు గుమాస్తాలు అలవాటుగా వేళ్ళెత్తి, చేతిలో రింగు లేదని చూసుకుని, ఆ వేళ్ళతోనే చెవులు గోక్కున్నారు. రాధారాణి ఆ సాయంత్రం తెర మీద డెబ్బై ఆరు అనే అంకె చూసి, యార్డుకు వెళ్ళి తనే లెక్కపెట్టుకుని, డెబ్బై ఆరు వచ్చేసరికి వ్యాగన్ల మధ్య నిలబడి ఏడ్చింది. అది చూసి ఎర్రయ్య మీసం కొనలు మెలేసుకున్నాడు.

పూజనాడు కార్ఖానా అంతా మామిడాకులు, డప్పులు. రంగుల షాపువాళ్ళు కొత్తగా రంగేసి యార్డులో నిలిపిన ఒక వ్యాగన్‌కు అరటిబోదెలు కట్టి, లోపల విశ్వకర్మ బొమ్మను నిలబెట్టి, దాన్నే మందిరం చేశారు. మూడు గంటలకు రింగు బయల్దేరింది. పెద్దసారు ప్రసాదం తీసుకుని, కంప్యూటర్ గదికి వచ్చి, చెప్పులు విప్పి తెర ముందు కూర్చునేసరికి రింగు పది షాపులు దాటి స్టోర్సుకు చేరింది. స్టోర్సులో పదకొండు చేతులు దాటింది. పన్నెండోది, మొత్తం మీద ఆఖరిది, సిరిల్ చెయ్యి.

సిరిల్ రింగు అందుకున్నాడు. మోచేతి దాకా తొడుక్కున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నొక్కు సిరిల్ బాబూ."

"తొందరేటి? లైన్ క్లియర్ ఒచ్చినా సిగ్నల్ సూసుకునే హక్కు డ్రైవరుకి ఉన్నాది." అంటూ తీరుబడిగా కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు చాపి అలాగే ఉంచాడు. "నాను పాత మనిషిని ఎర్రయ్యా. భోంపూ మోగనీ, నొక్కుతాను."

గోడ గడియారంలో నాలుక్కి ఇంకా ఇరవై నిమిషాలు. ఎర్రయ్య ఫోను మోగింది.

"పెదనాన్నా, సారుకి టీ ఇచ్చేశారు," రాధారాణి గుసగుసగా అంది. "రెండు గుటకలు తాగేశారు."

"నెమ్మదిగా తాగమనమ్మా!"

"ఎలా చెప్పను? ... ఇప్పుడు బిస్కెట్ ముంచుతున్నారు."

"ముంచనీ. సిరిల్ బాబూ, నీకు దండం పెడతాను, నొక్కు."

"భోంపూ," అన్నాడు సిరిల్. ఇంకో చేత్తో జేబులోంచి చిన్న కత్తెర తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఎర్రయ్య సూసన్నకు ఫోను చేశాడు. సూసన్న "ఒట్టు" అని పెట్టేశాడు. మళ్ళీ రాధారాణి.

"పెదనాన్నా, బిస్కెట్ విరిగి కప్పులో పడిపోయింది. చెంచాతో తీస్తున్నారు."

"దేవుడున్నాడు!"

"తీసేశారు. మళ్ళీ తాగుతున్నారు. ఇంక కొంచెమే ఉంది."

ఎర్రయ్య మీసం తడుముకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కిందటి షంటింగ్ ఇంజను గుర్తొచ్చింది. ఫోను బల్ల మీద పడేసి, స్టోర్సు గుమ్మంలోకి పోయి, పొట్ట నిండా, ఛాతీ నిండా, ఆఖరికి చొక్కా జేబు నిండా గాలి పీల్చి, రెండు చేతులూ నోటికి చుట్టి, ఊదాడు.

భోఁ...ఓఁ...ఓఁ...!

మీసం రెండు వైపులా విప్పుకుని ఫ్యాను రెక్కల్లా కొట్టుకుంది. చెట్ల మీది కాకులన్నీ లేచాయి. ఇందాలో సింగాడాల దుకాణంవాడు "ఈసారి నమ్మను" అనుకుంటూనే వాయి దించాడు. పది షాపుల్లో నూట ఇరవై వేళ్ళు టక్కున పైకి లేచాయి, కానీ చేతిలో రింగు లేదు. ఆ నూట ఇరవై వేళ్ళూ గాలిలోనే నిలిచిపోయాయి, ఒక్కటీ దిగలేదు.

రింగు ఉన్నది ఒక్క సిరిల్ దగ్గరే. ముప్ఫై ఆరేళ్ళుగా భోంపూకి దిగే వేలు అది. ఆపుదామని సిరిల్ అనుకున్నాడు. అనుకునేసరికే అది దిగిపోయింది. టక్.

"వచ్చేసింది!" బల్ల మీది ఫోన్లోంచి రాధారాణి కేక. "పెదనాన్నా, ఎనభై మూడు! ఆఖరి గుటక కప్పులోనే ఉంది!"

ఎర్రయ్య సైకిలు మీదా, సిరిల్ కత్తెర పట్టుకుని కాలినడకనా కంప్యూటర్ గదికి చేరేసరికి పెద్దసారు వాచీ చూసుకుంటూ, "ఇవాళ నాలుగు త్వరగా అయిందే" అంటున్నారు. తెర చూసి తల ఊపారు. కానీ పెద్దసారులు ఊరికే నమ్మరు. తన వెంట వచ్చిన ఆయన్ని యార్డుకు పంపి లెక్కపెట్టించారు. ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చి చెప్పాడు.

"ఎనభై రెండే ఉన్నాయి సార్."

సిరిల్ కత్తెర విప్పాడు. "నిజం లెక్క అన్నావు కదేటి. రా ఎర్రయ్యా, ఎలుతురులోకి రా."

ఎర్రయ్య కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు రాధారాణి మెల్లిగా అంది. "సార్, ఆ ఎనభై రెండులో విశ్వకర్మను పెట్టిన వ్యాగన్ ఉందా?"

లెక్కపెట్టిన ఆయన నాలుక కరుచుకున్నాడు. దానికి దండం పెట్టాడు గానీ లెక్కలో వేయలేదు. పెద్దసారు ఫెళ్ళున నవ్వి, ఆఖరి గుటక తాగి కప్పు కింద పెట్టారు.

హెడ్డాఫీసు అనుమతి డిసెంబరులో వచ్చింది. రాధారాణి రెండు రోజుల్లో మార్పు చేసింది. ఇప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్ళ తెర మీద బంతిపూలు చుట్టిన రింగు బొమ్మ కనిపిస్తుంది. అది కనిపిస్తేనే మీట పనిచేస్తుంది, అదీ ఒక్కసారే. గుమాస్తాలు తెరను కళ్ళకద్దుకుని మరీ నొక్కుతారు. సిరిల్ మాట తప్పే మనిషి కాదు, మీసం పెంచుతున్నాడు. ఎడమవైపు ఏడు వెంట్రుకలు, కుడివైపు నాలుగు. నూనె ఏది రాయాలో ఎర్రయ్యే చెబుతున్నాడు.

అసలు రింగు మళ్ళీ పోలమ్మ కుండ కిందికి చేరింది. పూజనాటి సాయంత్రం ఎర్రయ్య ఊరేగింపుగా ఇంటికి వస్తే ఆమె హారతివ్వలేదు. గుమ్మంలో మోకాళ్ళు చుట్టుకుని కూర్చుంది. అద్దం ముందు రేజరు లేదు.

"ఒలే పోలీ, గెలిచినానే. ఆ మొకమేటి అలగెట్టినావు?"

"ఏటి సెయ్యమంటావు? దేవుడు కూడా మగోళ్ళ పక్కే."

"ఉట్టి పెదవి సూడాలని అంత కోరికేటే నీకు?"

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "పెళ్ళిసూపుల్నాడు మా యమ్మ లోపల అడిగినాది, పెళ్ళికొడుకు నిన్ను సూసి నవ్వినాడా నేదా అని. నాను ఆ పొదలోకి సూసి సూసి ఏటీ సెప్పలేకపోనాను. ఇప్పటికీ తెల్దు."

ఎర్రయ్య అటూ ఇటూ చూశాడు. సందులో ఎవరూ లేరు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు చేతులతో మీసాన్ని, కర్టెన్ ఎత్తినట్టు పైకెత్తి పట్టుకున్నాడు.

నవ్వుతున్నాడు.